స్వెట్టర్ ఏ పద్ధతిలో అల్లితే ఒంటికి కుదురుతుంది?

స్వెట్టర్ అల్లాలనుకున్నప్పుడు అందరూ ముందు చూసేది డిజైను, రంగు. వారాల తరబడి కూర్చుని అల్లి, తీరా తొడుక్కుంటే చంక దగ్గర పట్టేస్తుంది, లేదంటే మెడ జారి భుజం బయటపడుతుంది. కుట్టించుకున్న జాకెట్టు బిగుతైతే లోపల వదిలిన గుడ్డ ఉంటుంది, ఒక కుట్టు విప్పితే లూజవుతుంది. అల్లిన బట్టకు ఆ వెసులుబాటు లేదు. ఎన్ని కుట్లు ఎక్కిస్తే అంత వెడల్పు, ఎన్ని వరుసలు అల్లితే అంత పొడవు. అందుకే పద్ధతుల్ని పోల్చేటప్పుడు నేను ముందు చూసేది ఒకటే: కొలత తప్పితే ఎంత ముందుగా తెలుస్తుంది, తెలిశాక ఎంత విప్పాలి.

ప్రధానంగా నాలుగు దారులున్నాయి. వెనక, ముందు, చేతులు విడివిడిగా అల్లి చివర కలిపి కుట్టడం ఒకటి. మన ఇళ్లలో పెద్దవాళ్లు అల్లిన స్వెట్టర్లు ఎక్కువగా ఇలాంటివే. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ వచ్చే రాగ్లాన్ రెండోది. కింది నుంచి పైకి అల్లి, భుజాల చుట్టూ గుండ్రంగా ముగించే యోక్ మూడోది. చేతికి ప్రత్యేకంగా ఆర్మ్‌హోల్ మలచకుండా, భుజం కిందికి దిగేలా అల్లే డ్రాప్ షోల్డర్ నాలుగోది. ఏది ఎంచుకున్నా ముందు దాటాల్సిన మెట్టు మాత్రం ఒకటే.

శాంపిల్ ముక్క

ముందు చిన్న ముక్క అల్లి కుట్లు లెక్కపెట్టుకోవడమే ఆ మెట్టు. ఆ లెక్కను పాత ప్యాటర్న్ (అల్లిక సూచనల) పుస్తకాల్లో టెన్షన్ అని రాసేవాళ్లు, ఇప్పటి ప్యాటర్న్‌లలో గేజ్ అంటున్నారు. పది సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వస్తున్నాయన్నదే లెక్క. డీకే (మధ్యస్థ) మందం ఊలుతో, 4 మిల్లీమీటర్ల సూదితో మామూలుగా పది సెంటీమీటర్లకు 22 కుట్లు వస్తాయి. ఛాతీ దగ్గర వంద సెంటీమీటర్లు రావాలంటే 220 కుట్లు కావాలి. మీ చెయ్యి కాస్త బిగువై 24 కుట్లు వస్తున్నాయనుకోండి, అవే 220 కుట్లకు దాదాపు 92 సెంటీమీటర్లే వస్తుంది. పదికి రెండు కుట్ల తేడాయే కదా అని వదిలేస్తే స్వెట్టర్ మొత్తం మీద ఎనిమిది సెంటీమీటర్లు పోతాయి.

శాంపిల్‌ని కనీసం పదిహేను సెంటీమీటర్ల చదరంగా అల్లి, తయారయ్యే స్వెట్టర్‌ను ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరాక మధ్యలో కొలవాలి. గుండ్రంగా అల్లబోతుంటే శాంపిల్ కూడా గుండ్రంగానే అల్లండి. చాలామందికి పర్ల్ (ఉల్టా) వరుసలో చెయ్యి వదులవుతుంది. గుండ్రని అల్లికలో పర్ల్ వరుసే ఉండదు కాబట్టి రెండింటి కొలతా ఒకటి కాకపోవచ్చు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇంకొక జాగ్రత్త పడాలి. ఇండియాలో దొరికే సూదులకు చాలావరకు పాత బ్రిటిష్ నంబర్లే ఉంటాయి. ఆ లెక్కలో 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికాలో 8 నంబరు అంటే 5 మిల్లీమీటర్లు. ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన సూదితో అక్కడి ప్యాటర్న్ అల్లితే రెండు సైజుల తేడా కూడా రావచ్చు. నంబరును నమ్మకుండా మిల్లీమీటర్లు చూసుకోండి.

విడి భాగాలా, మెడ నుంచి కిందికా?

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. మొదటిసారి తమ ఒంటికి అల్లుకునేవాళ్లకు నేను మెడ నుంచి కిందికి అల్లే రాగ్లానే చెబుతాను. కారణం అందం కాదు. అల్లుతుండగానే తొడుక్కుని చూసుకునే వీలు దీనిలోనే ఎక్కువ.

రాగ్లాన్‌లో మెడ దగ్గర కొన్ని కుట్లు ఎక్కించి నాలుగు గీతలు పెట్టుకుంటారు. ప్రతి రెండో రౌండులో ఒక్కో గీతకు రెండు పక్కలా ఒక్కో కుట్టు చొప్పున మొత్తం ఎనిమిది కుట్లు పెంచుతారు. చంక దాకా వచ్చాక చేతుల కుట్లను విడి దారం మీదికి తీసి, ఒళ్లు మాత్రం కిందికి అల్లుకుంటూ పోతారు. చేతులు విడదీసే ముందే అన్ని కుట్లనూ పొడవాటి దారం మీదికి తీసి తొడుక్కుని అద్దం ముందు నిలబడండి. మొత్తం పనిలో దీనికి మించిన పరీక్ష లేదు. చంక ఇంకా పైనే ఉందా, దిగిపోయిందా, ఛాతీ దగ్గర రెండు వైపులా కలుస్తోందా అన్నీ అక్కడే తెలుస్తాయి. తప్పుంటే విప్పాల్సింది పై భాగం మాత్రమే.

ఇక్కడ వరుసల లెక్క అసలు సంగతి. కుట్ల లెక్క సరిపోయిందని వరుసల్ని పట్టించుకోకపోవడం చాలామంది చేసే పని. ప్యాటర్న్‌లో పది సెంటీమీటర్లకు 30 రౌండ్లని ఉంటే, 60 రౌండ్ల యోక్ (మెడ నుంచి చంక దాకా ఉండే పై భాగం) ఇరవై సెంటీమీటర్ల లోతు వస్తుంది. మీకు 34 రౌండ్లు వస్తుంటే అదే యోక్ పదిహేడున్నర దగ్గరే ఆగిపోతుంది. చంక పట్టేసేది అందుకే. సరిచేయడానికి విప్పక్కర్లేదు. చివరి నాలుగు పెంపుల దగ్గర రెండు రౌండ్లకు ఒకసారి కాకుండా నాలుగు రౌండ్లకు ఒకసారి పెంచితే ఎనిమిది రౌండ్లు అదనంగా వస్తాయి, లోతు మళ్లీ ఇరవైకి చేరుతుంది. కుట్ల సంఖ్య మారదు కాబట్టి ఆ తర్వాత ప్యాటర్న్ యథాతథంగా సాగిపోతుంది.

లోతు సరిపోయి ఛాతీ, చెయ్యి బిగుతుగా ఉంటే మందు వేరు. చేతులు విడదీసేటప్పుడు చంక కింద కొత్తగా కుట్లు ఎక్కిస్తాం కదా, అవి ఒక్కో వైపు నాలుగు ఎక్కువ వేయండి. 22 కుట్ల లెక్కన ఒంటికి మూడున్నర సెంటీమీటర్లు, ఒక్కో చేతికి రెండు సెంటీమీటర్ల లోపు వదులు వస్తుంది.

రాగ్లాన్‌కూ లోపాలున్నాయి. గీతలు మెడ నుంచి చంకకు ఏటవాలుగా దిగుతాయి కాబట్టి భుజాలు వాలుగా ఉన్నవాళ్లకు చక్కగా కూర్చుంటుంది. వెడల్పుగా, చదరంగా ఉన్న భుజాలపై లాగినట్టుంటుంది. ఇంకొకటి, కలిపి కుట్టిన అతుకులు లేని బట్టకు బరువు మోసే ఆధారం తక్కువ. బరువైన నూలుతో అల్లితే మెడ సాగుతుంది. దీనికి మెడ పట్టీని మొదట్లోనే అల్లకుండా, స్వెట్టర్ అయ్యాక మెడ చుట్టూ కుట్లు ఎత్తుకుని అల్లితే ఆ అంచు కాస్త గట్టిగా నిలబడుతుంది.

విడి భాగాల పద్ధతికి కొందరు కొత్తవాళ్లు భయపడతారు, కుట్టడం రాదని. ఆ భయంతో దీన్ని వదులుకోవద్దు. భుజం కొలత కచ్చితంగా కూర్చోవాలంటే సెట్-ఇన్ చెయ్యిని మించింది లేదు. షర్టు చెయ్యిలాగా భుజం ఎముక దగ్గరే కలుస్తుంది. పక్క కుట్లు, భుజం కుట్లు బరువును మోస్తాయి. కేబుల్స్ (జడలాంటి అల్లిక) ఉన్న మందపాటి స్వెట్టర్‌కూ, కాటన్‌కూ ఇదే నా మొదటి ఎంపిక. చిన్న చిన్న ముక్కలు కాబట్టి బస్సులో, ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో కూడా అల్లుకోవచ్చు. ఒక భాగంలో తప్పు జరిగితే ఆ ఒక్కటే విప్పితే సరి, మిగతా మూడు భద్రంగా ఉంటాయి.

చిక్కు ఎక్కడంటే, ఒంటి మీద ఎలా ఉంటుందో కుట్టాకే తెలుస్తుంది. దీన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు. మొదట చెయ్యి అల్లండి. అది చిన్న ముక్క, పెద్ద శాంపిల్‌గా కూడా పనికొస్తుంది. కొలత తప్పితే అప్పుడే తెలిసి మిగతా భాగాలకు లెక్క మార్చుకోవచ్చు. ఆ తర్వాత వెనక భాగం అల్లి, మీకు సరిగ్గా కుదిరిన పాత స్వెట్టర్ మీదో టీషర్టు మీదో పరిచి చూడండి. మొత్తం అయ్యాక వెంటనే ఊలుతో కుట్టకుండా, ఉతికి ఆరబెట్టి, వేరే రంగు దారంతో పెద్ద పెద్ద టాకాలు వేసి తొడుక్కుని చూడండి.

అనుభవం ఉన్నవాళ్లకు ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది. ఒళ్లు భుజం దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లి, ఆర్మ్‌హోల్ చుట్టూ కుట్లు ఎత్తుకుని, షార్ట్ రోలతో, అంటే వరుస చివరిదాకా వెళ్లకుండా మధ్యలో తిరిగి వెనక్కి వస్తూ, చెయ్యి పైభాగం మలుస్తూ కిందికి దిగడం. భుజం సెట్-ఇన్‌లా కూర్చుంటుంది, తొడుక్కుని చూసే వీలూ ఉంటుంది. చేతులు పై నుంచి కిందికి అల్లడంలో పాత లాభం ఒకటుంది. బ్రిటన్ తీరంలో చేపలు పట్టేవాళ్లు వేసుకున్న గాన్సీ స్వెట్టర్లకు చేతుల్ని భుజం దగ్గర ఎత్తుకుని మణికట్టు దాకా అల్లేవాళ్లు. ముంజేతి దగ్గర అరిగిపోతే అక్కడి నుంచి విప్పి మళ్లీ అల్లేసేవాళ్లు. చంక కింద డైమండ్ ఆకారంలో చిన్న ముక్క పెట్టి చెయ్యి ఎత్తడానికి వీలు కల్పించేవాళ్లు. చంక పట్టేసే సమస్యకు ఆ ముక్క నేటికీ పనికొస్తుంది.

యోక్, డ్రాప్ షోల్డర్

గుండ్రని యోక్ అనగానే ఐస్‌లాండ్ వాళ్ల లోపాపేసా గుర్తొస్తుంది. భుజాల చుట్టూ పూలహారంలా రంగుల డిజైను తిరుగుతుంది. చూడ్డానికి నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఫిట్టింగ్ సరిచేసుకోవడం మాత్రం అన్నిటికంటే కష్టం. కుట్లు తగ్గించేది కొన్ని రౌండ్లలోనే, అవీ డిజైన్ల మధ్య ఇరుక్కుని ఉంటాయి. లోతు రెండు సెంటీమీటర్లు పెంచాలంటే డిజైనే మార్చాలి. పైగా రెండు రంగుల దారాలు కలిపి అల్లే చోట అల్లిక బిగుస్తుంది. ఆ భాగానికి అర సైజు పెద్ద సూది వాడితే చాలామందికి సరిపోతుంది. మెడ ముందు గొంతును నొక్కుతుంటే వెనక వైపు షార్ట్ రోలు వేసి రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తాలి. వదులుగా వేసుకునేవాళ్లకైతే యోక్ హాయిగా ఉంటుంది.

డ్రాప్ షోల్డర్ అన్నిటికంటే తేలిక. పిల్లల స్వెట్టర్లకు, పదిహేను ఇరవై సెంటీమీటర్ల వదులుతో వేసుకునేవాటికి బాగుంటుంది. ఒంటికి దగ్గరగా కావాలంటే వద్దు, చంక కింద బట్ట ముద్దలా చేరుతుంది.

ఎలిజబెత్ జిమ్మర్‌మాన్ అనే అల్లికల గురువు చూపించిన శాతాల పద్ధతి కూడా తెలుసుకోవాలి. ఒంటి చుట్టూ కావలసిన కుట్లను నూరు శాతం అనుకుంటే మణికట్టు దగ్గర సుమారు 20 శాతం, చెయ్యి పైభాగానికి 33 నుంచి 35, మెడకు 40. ఒంటికి 220 కుట్లయితే మణికట్టుకు 44, చేతికి 73 నుంచి 77, మెడకు 88. ప్యాటర్న్ లేకుండా అల్లుకోవచ్చు. కొన్న ప్యాటర్న్ అంకెలు నమ్మశక్యంగా ఉన్నాయా లేదా అని సరిచూసుకోవడానికీ వాడుకోవచ్చు. భుజబలం ఉన్నవాళ్లకు చెయ్యి పైభాగం 33 శాతం చాలదు, టేపు పెట్టి కొలుచుకోండి.

మీ ఒళ్లు ప్యాటర్న్‌తో ఎక్కడ విభేదిస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే పద్ధతి దానంతటదే తేలుతుంది. భుజాలు ఇరుకుగానో, బాగా వెడల్పుగానో ఉంటే సెట్-ఇన్. చేతులు, ఒళ్లు పొడవుగానో పొట్టిగానో ఉంటే మెడ నుంచి కిందికి అల్లేది, ఎందుకంటే పొడవు చివరే నిర్ణయించుకోవచ్చు.

రొమ్ము భాగం నిండుగా ఉన్న ఆడవాళ్లు సైజు ఎంచుకోవడంలోనే దారి తప్పుతుంటారు. నిండు ఛాతీ కొలతకు సైజు తీసుకుంటే అక్కడ సరిపోతుంది కానీ భుజాలు, మెడ వేలాడతాయి. చంకల కిందుగా, రొమ్ముకు పైన టేపు చుట్టి ఆ కొలతకు సైజు ఎంచుకోండి. తక్కువైన వెడల్పు, పొడవు ముందు భాగానికి మాత్రమే కలపండి. పొడవుకు షార్ట్ రోలు సరైన మార్గం. భుజం నుంచి రొమ్ము మీదుగా నడుము దాకా ఎంత, వీపు వైపు ఎంత కొలవండి. తేడా ఐదు సెంటీమీటర్లు ఉంటే, పదికి 30 వరుసల లెక్కన పదిహేను వరుసలు కావాలి. షార్ట్ రో వెళ్లిరావడానికి రెండు వరుసలు అవుతుంది కాబట్టి ఏడు జతలు వేస్తే సరిపోతుంది. ఇవి వేయని స్వెట్టర్ ముందు వైపు ఎత్తుకుపోయి, పక్కల నుంచి ముడతలు పడుతుంది. పొట్ట ముందుకున్న మగవాళ్లకూ ఇదే చిట్కా, కాకపోతే షార్ట్ రోలు నడుముకు దగ్గరగా వేయాలి.

బరువు మారుతుండే వాళ్లకు, మొదటిసారి అల్లేవాళ్లకు ముందు వైపు తెరుచుకునే కార్డిగన్ మంచిది. ముందు పట్టీ వెడల్పు పెంచి తగ్గిస్తే నాలుగైదు సెంటీమీటర్ల తేడా సర్దుకుంటుంది. ఒళ్లంతా అయ్యాక పట్టీ అల్లుతాం కాబట్టి అది ఆఖరి అవకాశం. సాదా అల్లిక అంచున నాలుగు వరుసలకు మూడు కుట్లు చొప్పున ఎత్తుకోండి. పట్టీ అలలుగా వస్తే కుట్లు ఎక్కువైనట్టు, అంచు పైకి లాగుతుంటే తక్కువైనట్టు.

హైదరాబాద్, విజయవాడ చలికి చేతుల స్వెట్టర్ ఎన్ని రోజులు వేసుకుంటారో ఆలోచించండి. నా ఓటు స్లీవ్‌లెస్‌కే. చేతులు లేవు కాబట్టి పని సగానికి దగ్గరగా తగ్గుతుంది, ఫిట్టింగ్ తప్పే చోట్లూ తగ్గుతాయి. ఆదిలాబాద్, అరకు వైపు ఉన్నవాళ్లకు నిండు చేతులది అక్కరకొస్తుంది. టొరంటో, చికాగోల్లో ఇంట్లో హీటింగ్ ఉంటుంది కాబట్టి మందపాటి పుల్లోవర్ కంటే తీసి వేసుకోవడానికి వీలైన కార్డిగనే ఎక్కువ వాడతారు.

దారం ఏది?

మన షాపుల్లో ఊలు అని అడిగితే ఇచ్చేది చాలావరకు అక్రిలిక్. చవక, రంగులెక్కువ, మిషన్లో ఉతకొచ్చు. అలవాటుకు, పిల్లలకు మంచిదే. ఫిట్టింగ్ విషయంలో మాత్రం మొండిది. తడిపి సాగదీసి ఆరబెట్టినా చాలావరకు తన ఆకారానికే వచ్చేస్తుంది. ఆవిరి పడితే మారుతుంది, కానీ ఎక్కువ పడితే బట్ట ప్రాణం పోయినట్టు వేలాడిపోతుంది, మళ్లీ వెనక్కి రాదు.

అసలు ఊలు క్షమిస్తుంది. తడిపి, పిన్నులు గుచ్చి పరిచి ఆరబెడితే రెండు మూడు సెంటీమీటర్లు సర్దుకుంటుంది. మిషన్ వాష్ కోసం సూపర్‌వాష్ చేసిన ఊలు మాత్రం ఉతికాక సాగే రకం, శాంపిల్ ఉతకకుండా దానితో మొదలుపెట్టొద్దు. తెలంగాణలో గొంగళ్లు నేసే దక్కనీ గొర్రెల ఉన్ని గరుకుగా ఉంటుంది. నేతకు గొప్పది, ఒంటికి ఆనించి వేసుకునే స్వెట్టర్‌కు కుదరదు.

కాటన్ మన వాతావరణానికి హాయి, కానీ సాగి తిరిగి దగ్గరయ్యే గుణం తక్కువ, బరువెక్కువ. వేసుకునే కొద్దీ కిందికి దిగుతుంది. శాంపిల్‌ని ఉతికి, అడుగు అంచుకు బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వేలాడదీసి కొలవండి. ఆ కొలతనే నమ్మి ఒళ్లు కాస్త పొట్టిగా ఆపండి. కాటన్, అక్రిలిక్ కలిసిన దారమైతే ఈ బాధ తగ్గుతుంది.

ఏది కొన్నా లేబుల్ మీద లాట్ నంబరు ఒకటేనా చూసుకుని, లెక్కకు మించి ఒకటి రెండు ఉండలు ఎక్కువ తీసుకోండి. పొడవు పెంచాలన్నా, చెయ్యి వెడల్పు చేయాలన్నా దారం ఉండాలి. తర్వాత అదే రంగు దొరికినా వేరే లాటైతే ఛాయ తేడా కనిపిస్తుంది.

అల్లడం అయ్యాక

పూర్తయిన స్వెట్టర్‌లో సరిచేయగలిగేవి చాలానే ఉన్నాయి. మెడ జారుతుంటే పట్టీ విప్పి, ఇంకొంచెం తక్కువ కుట్లు ఎత్తుకుని, చిన్న సూదితో మళ్లీ అల్లండి. అంత ఓపిక లేకపోతే మెడ వెనక లోపలి వైపు క్రోషె సూదితో గట్టిగా ఒక గొలుసు వరుస వేస్తే సాగడం ఆగుతుంది.

చేతులు పొడవైతే, కింది నుంచి పైకి అల్లినదైనా పర్లేదు. సాదా అల్లిక ఉన్న చోట, కావలసిన ఎత్తులో ఒక కుట్టు కత్తిరించి, ఆ వరుస దారాన్ని మెల్లగా లాగేస్తే రెండు వైపులా ఉచ్చులు విడిపోతాయి. పై వైపు ఉచ్చుల్ని సూది మీదికి తీసుకుని కిందికి రిబ్ (సాగే గీతల పట్టీ) అల్లి మూసేయండి. కత్తెర పెట్టే ముందు ఆ వరుసకు పైనా కిందా సన్నటి దారం దూర్చి ఉంచుకుంటే ఒక్క కుట్టూ జారదు. కేబుల్స్, రంగుల డిజైన్ ఉన్న చోట ఇది చేయొద్దు, దిశ మారినప్పుడు అర కుట్టు పక్కకు జరిగి గీత కనిపిస్తుంది.

ఇలాంటి సన్నటి దారాన్ని అల్లేటప్పుడే, చేతులు విడదీసే ముందు, షార్ట్ రోలు మొదలయ్యే ముందు కుట్లన్నిటిలోంచి దూర్చి వదిలేస్తే, తప్పు జరిగినప్పుడు అక్కడి దాకా నిర్భయంగా విప్పుకోవచ్చు.

ఒళ్లంతా ఏడెనిమిది సెంటీమీటర్లు లూజైతే, లేదా భుజాలే తప్పితే చిట్కాలతో కాదు, విప్పాలి. పక్క కుట్లు బిగించి చూడొచ్చు, కానీ చంక కింద ముద్దవుతుంది. విప్పిన ఊలును కుర్చీ వెనక చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, వేలాడదీసి ఆరనివ్వండి. వంకర్లు పోతాయి. వంకర్లతోనే మళ్లీ అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వచ్చి గేజ్ మారిపోతుంది. ఉండ చుట్టాక మళ్లీ శాంపిల్ అల్లి కొలవండి, పాత లెక్క వాడొద్దు.